ఒకటి పడితే కత్తి జారాల్సిందేనా? ఇంటి రూళ్ళూ పాచికల లెక్కలూ

పంటురేవు (అమలాపురం)

అందరికీ నమస్కారమండి. ఐదుగురు ఆటగాళ్ళు, కథ నడిపే డీఎం ఒకరు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల సేపు ఆట. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు కట్టి పాచికలతో కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్, 2014 పుస్తకాలు. పుస్తకంలో ఉన్నవి కాక బల్ల మీద నడుస్తున్న సొంత రూళ్ళు ఇవి:

దాడిలో న్యాచురల్ 1 (ఇరవై పలకల పాచిక మీద ఒకటి) పడితే ఆయుధం చేజారి కింద పడుతుంది, ఫంబుల్ అంటాం. క్రిట్ (దాడిలో 20) పడితే డ్యామేజీ పాచికల గరిష్ఠం మొత్తం వచ్చేసినట్టే, దాని మీద మళ్ళీ వేసింది అదనం. న్యాచురల్ 20 పడితే ఏ పనైనా అయిపోయినట్టే. పాత్ర బలం, తెలివి లాంటి ఆరు స్కోర్లకి 4డీ6 (ఆరు పలకల పాచికలు నాలుగు) వేసి చిన్నది తీసేయడం, ఒకట్లు పడితే మళ్ళీ వేసుకోవడం. శత్రువుకి అటూ ఇటూ ఇద్దరు నిలబడితే (ఫ్లాంకింగ్) అడ్వాంటేజ్.

అయిదో లెవెల్ దాటాక కత్తి పట్టే ఫైటర్‌కి గిట్టుబాటు కావట్లేదు, మంత్రాలేసే విజార్డ్ మాత్రం హాయిగా ఉన్నాడు. వీటిలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ఇంకో సంగతి. సంక్రాంతికి ఈ ఆట ఎప్పుడూ చూడని చుట్టాలు దిగుతారు. వాళ్ళకి ఇరవై పలకల పాచిక, క్యారెక్టర్ షీటు ఇస్తే పేకాటలోకి జారుకుంటారు. గవ్వలతో నడిచే ఒక్క పూట ఆట కట్టొచ్చా? కథ గోదావరి లంకల్లో వరద.

ఇరవైపలకలు (కాకినాడ)

ముందు ఫంబుల్ సంగతి తేలుద్దాం. మీ ఫైటర్ గోలంతా అక్కడే ఉంది.

డీ20లో, అంటే ఇరవై పలకల పాచికలో, ఒక్కో పలకకి నూటికి ఐదు. తిరుగుకి ఒక్క దాడి చేసేవాడికి కత్తి జారే అవకాశం 5 శాతం. అయిదో లెవెల్లో ఫైటర్‌కి రెండో దాడి వస్తుంది, అప్పుడు 9.75 అవుతుంది. పదకొండులో మూడు దాడులు, 14.3. ఇరవయ్యో లెవెల్లో నాలుగు, 18.5. కత్తిసాము నేర్చుకున్న కొద్దీ చేతిలో కత్తి నిలవదన్నమాట. ఐదు రౌండ్ల పోరు అనుకోండి, రెండేసి దాడులు, మొత్తం పది పందేలు. అందులో కనీసం ఒకసారి ఒకటి పడే అవకాశం 40 శాతం.

విజార్డ్ వైపు చూడండి. ఫైర్‌బాల్ వేస్తే అతను డీ20 ముట్టుకోడు. తప్పించుకునే పందెం, అదే సేవింగ్ త్రో, వేసేది అవతలివాళ్ళు. అందుకే హాయిగా ఉన్నాడు.

"రాక్షసులకీ అదే రూలు కదా" అంటారు. గోబ్లిన్ బతికేది రెండు రౌండ్లు. దాని కత్తి జారితే ఎవరికీ పట్టదు. హీరో ఏడాది పొడుగునా అదే కత్తి పట్టుకు తిరగాలి.

తీసేయడం ఇష్టం లేకపోతే రెండు దార్లున్నాయి. తిరుగులో మొదటి దాడికే ఫంబుల్ పెట్టండి, ఎన్ని దాడులున్నా 5 శాతం దాటదు. లేదంటే ఖరారు పందెం పెట్టండి: ఒకటి పడ్డాక అదే ఏసీ (శత్రువుకి తగలడానికి రావాల్సిన అంకె) మీద మళ్ళీ డీ20 వేయాలి, అదీ తప్పితేనే ఫంబుల్. మామూలుగా నూటికి అరవై తగిలేవాడికి 0.05 × 0.40, అంటే దాడికి 2 శాతం. రెండు దాడులకి 4 లోపే. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ క్రిట్‌కి ఇలాగే ఖరారు అడిగేది, ఇది దాన్ని తిరగేసి వాడినట్టే. దీనిలో ఇంకో సుఖం ఏంటంటే, బాగా తగిలేవాడికి ఫంబుల్ తగ్గుతుంది. నేర్పుకి విలువ దక్కుతుంది.

కొబ్బరిమట్ట (పాలకొల్లు)

లెక్క బాగానే ఉంది గానీ గురూగారూ, ఒకటి పడ్డప్పుడు బల్ల చుట్టూ లేచే కేకలు ఎక్కడికి పోవాలి? ఫంబుల్ తీసేస్తే ఆ గోలా పోతుంది.

శిక్ష కాకుండా బేరం పెట్టండి. ఒకటి పడితే ఆ ఆటగాణ్ణే అడగండి: "చిక్కు ఒకటి ఒప్పుకుంటావా, ఇన్‌స్పిరేషన్ ఇస్తాను" (తరవాత ఒక పందెం మెరుగుపరుచుకునే వరం). ఒప్పుకుంటే కత్తి తాటిమొద్దులో దిగబడుతుంది, పడవ తాడు తెగుతుంది, ఏదో ఒకటి. వద్దంటే దాడి తప్పింది, అంతే. కేకలూ ఉంటాయి, ఏడుపూ ఉండదు. నాలుగు దాడులవాడికి ఒకట్లు ఎక్కువ పడితే బేరాలూ ఎక్కువ వస్తాయి, లెక్క తిరగబడి అతనికే లాభం.

ఇరవైపలకలు

ఇది నా రెండు దార్లకన్నా మేలు. ఇన్‌స్పిరేషన్ ఒకటికి మించి దాచుకోవడానికి వీల్లేదు కాబట్టి పోగేసుకుంటారన్న బెంగా లేదు.

లెక్కతేలాలి (రాజమండ్రి)

క్రిట్ రూలు గురించి ఎవరూ మాట్లాడలేదు. అది ఫంబుల్ కన్నా ప్రమాదం, పైకి తియ్యగా ఉంటుంది కాబట్టి.

గ్రేట్‌సోర్డ్ 2డీ6, బలం +4 అనుకుందాం. మామూలు దెబ్బ సగటు 11. పుస్తకం ప్రకారం క్రిట్‌కి పాచికలు రెట్టింపు, 4డీ6+4, సగటు 18. మీ రూలు ప్రకారం 12+7+4, అంటే 23. ఇక్కడికి ఫరవాలేదు. అయిదో లెవెల్ రోగ్ చూడండి: కత్తి డీ6, స్నీక్ అటాక్ (చాటు దెబ్బ) 3డీ6, మొత్తం నాలుగు పాచికలు, పైన అదే +4. మామూలు సగటు 18, పుస్తకం క్రిట్ 32, మీ క్రిట్ 42. ఎక్కువ పాచికలు వేసేవాడికే ఎక్కువ లాభం కాబట్టి, చాలా రోజుల మీద ఈ రూలు రోగ్‌కీ పాలడిన్‌కీ ఊడిగం చేస్తుంది.

అసలు దెబ్బ అవతలి నుంచి వస్తుంది. మొదటి లెవెల్ విజార్డ్, 8 ప్రాణాలు. గోబ్లిన్ కత్తి డీ6+2. పుస్తకం క్రిట్ 2డీ6+2, విజార్డ్ పడిపోవాలంటే రెండు పాచికల మీద 6 గానీ ఆపైన గానీ రావాలి, 36కి 26 దార్లు, 72 శాతం. మీ రూల్లో కనీసం వచ్చేదే 6+1+2, తొమ్మిది. పడిపోవడం ఖాయం, పాచిక వేయడం లాంఛనమే. డీఎం ఒక సాయంత్రంలో ఏ ఒక్క ఆటగాడి కన్నా ఎక్కువ దాడులు వేస్తాడు, అందుచేత క్రిట్‌ని ఎంత ముద్దుచేస్తే ఆటగాళ్ళకి అంత నష్టం.

ఉంచాలనుకుంటే ఆటగాళ్ళకి మాత్రమే ఉంచండి. రాక్షసులకి పుస్తకం రూలు.

న్యాచురల్ 20 సంగతి ఒక్క ముక్కలో: పుస్తకంలో అది దాడులకీ, డెత్ సేవ్‌లకీ (పడిపోయినవాడు బతకడానికి వేసేవి) మాత్రమే. మిగతా పనులకి పెడితే ఇరవైలో ఒకసారి ఎవడైనా ఏదైనా చేసేస్తాడు. జరగని పనికి అసలు పాచిక వేయమనకండి, గొడవే లేదు.

పంటురేవు

వేయమనకపోయినా వేసేస్తారండి. "ఇరవై పడిందండోయ్" అని అరిచాక కాదనడం కష్టం.

లెక్కతేలాలి

డీఎం అడక్కముందు వేసిన పాచిక చెల్లదు. మొదటి రోజు చెప్పి ఊరుకుంటే చాలదు, మొదటిసారి 20 పడ్డప్పుడు కూడా చెల్లదనాలి. ఒకసారి ఒప్పుకున్నారంటే ఇక ప్రతివాడూ ముందు వేసి, బాగా పడితే తరవాత అడుగుతాడు.

గవ్వలసంచి (నరసాపురం)

స్కోర్ల గురించి. 4డీ6 వేసి చిన్నది తీసేస్తే సగటు 12.24. ఒకట్లు మళ్ళీ వేసుకుంటే ఒక్కో పాచిక 2 నుంచి 6 దాకా అయిపోయి సగటు 13.43కి ఎగబాకుతుంది. ఆరు స్కోర్లకి కలిపి ఏడు పాయింట్ల పైచిలుకు తేడా. పుస్తకంలో ఇచ్చిన 15, 14, 13, 12, 10, 8 వరస మొత్తం 72. మామూలు 4డీ6 పద్ధతికి 73న్నర దాకా, మీ పద్ధతికి 80 దాటి వస్తుంది. రాక్షసుల్ని ఆ మేరకు పెంచుకోకపోతే పోరులు తేలిపోతాయి.

మొత్తం పెరగడం కన్నా చిక్కు ఇద్దరి మధ్య తేడా. 4డీ6తో ఎవరికి వారు ఆరేసి స్కోర్లు వేసుకుంటే, ఏ ఇద్దరిని తీసుకున్నా మొత్తాల్లో పది పాయింట్ల తేడా మూడింట ఒక వంతు సార్లు వస్తుంది. పక్కవాడికి 84, తనకి 70 వస్తే ఆ తేడా పాత్ర చచ్చేదాకా ఉంటుంది.

మీకు దేవుడిచ్చిన వీలు ఒకటుంది. ఐదుగురు ఆటగాళ్ళు, ఒక డీఎం, మొత్తం ఆరుగురు. తలా ఒక స్కోరు వేయండి. ఆ ఆరు అంకెలే అందరికీ. ఎవరి ఇష్టమొచ్చిన వరసలో వాళ్ళు పెట్టుకుంటారు. పాచిక వేసిన సరదా మిగులుతుంది, ఈర్ష్య మిగలదు. 8 వేసినవాణ్ణి మాత్రం ఏడాదంతా ఆడిపోసుకుంటారు, దానికి మందు లేదు.

కొబ్బరిమట్ట

ఫ్లాంకింగ్ ఎవరూ ముట్టుకోలేదు. అడ్వాంటేజ్ అంటే రెండు డీ20 వేసి పెద్దది ఉంచుకోవడం కదా. 11 కావాల్సినచోట 50 శాతం కాస్తా 75 అవుతుంది, అంటే +5 ఇచ్చినట్టు. 20 పడితేనే తగిలేచోట 5 నుంచి 9.75, అంటే +1 కూడా కాదు. మామూలు పోరులో కావాల్సింది 8కీ 12కీ మధ్య ఉంటుంది కాబట్టి దాదాపు +5 ఉచితంగా పంచుతున్నారు, ఊరికే పక్కకి జరిగి నిలబడినందుకు.

దానితో ఇంకో నష్టం. అడ్వాంటేజ్ మీద అడ్వాంటేజ్ పేరదు. ఊరికే వస్తుంటే దానికోసం బార్బేరియన్ తెగించి కొట్టే రెక్‌లెస్ అటాక్ ఎందుకు, విజార్డ్ మంత్రం దండగ చేసి శత్రువుని కట్టేయడం ఎందుకు? +2 చేసేయండి. నూటికి పది పెరుగుతుంది, ఎక్కడైనా అంతే, మిగతావాటితో కలుస్తుంది కూడా.

ఉప్పుచెరువు (భీమవరం)

ఎవరూ పాచికని అనుమానించలేదేంటండీ? ఒకట్లు ఎక్కువ పడుతున్నాయంటే రూలు మార్చేముందు పాచికని చూడాలిగా.

ఉప్పునీటి పరీక్ష: గాజు గ్లాసులో 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు, 80 గ్రాముల ఉప్పు, అంటే పెద్ద చెంచాతో నాలుగున్నర. అడుగున కరగకుండా కాస్త మిగలాలి. తేటపడ్డాక పాచిక వేసి, తేలితే వేలితో తిప్పి వదలండి. ఇరవైసార్లు చేయండి. ప్రతిసారీ అదే అంకె పైకొస్తే లోపల బుడగ ఉన్నట్టే, బుడగ ఉన్న వైపు పైకి లేస్తుంది. రకరకాలు వస్తుంటే బరువు సమంగా ఉంది. అయ్యాక మంచినీళ్ళతో కడిగి తుడవండి, లేకపోతే అంకెల గుంటల్లో ఉప్పు పేరుకుంటుంది.

చెరువుకాడ ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో కొలుద్దామనుకుంటే కుదరదు. దాని గీత 100 పీపీటీ (వెయ్యి వంతుల్లో వంద ఉప్పు) దగ్గరే ఆగిపోద్ది, ఈ నీళ్ళు 250 దాటుతాయి. ఆక్రిలిక్ పాచికలు తేలతాయి, కొన్ని రెజిన్‌వి మునిగిపోతాయి, లోహంవి చెప్పనక్కర్లేదు. మునిగినవాటికి ఈ పరీక్ష పనికిరాదు. తేలి పాసైనా, పలకలు ఒకే కొలతలో లేకపోతే దీనికి అందదు.

లెక్కతేలాలి

అందుకే వేసి లెక్కపెట్టడమే గట్టి పరీక్ష. ఆరు పలకలదైతే 120 సార్లు వేయండి, ఒక్కో అంకె 20 సార్లు రావాలి. ఉదాహరణకి 14, 22, 18, 25, 17, 24 వచ్చాయనుకోండి. ఒక్కోదానికీ 20కీ తేడా తీసి, దాన్ని దానితోనే గుణించి కలపండి: 36+4+4+25+9+16, మొత్తం 94. దాన్ని 20తో భాగిస్తే 4.7. ఈ అంకె 11.07 దాటితేనే అనుమానించాలి. ఇక్కడ ఫైవ్‌కి 17, ఫోర్‌కి 25 చూసి కంగారుపడేవాళ్ళు చాలామంది, ఏమీ లేదు అందులో.

ఇరవై పలకలదానికి 400 సార్లు, ఒక్కోటి 20 చొప్పున. హద్దు 30.14. వందసార్లు వేసి తీర్పు చెప్పకండి. ఒక్కో పలక సగటున ఐదుసార్లు రావాల్సినచోట ఏదో ఒకటి తొమ్మిదిసార్లు రావడం మామూలే. 400 సార్లంటే గంటన్నర పని. పిల్లలకి చెప్తే జీళ్ళకి చేసిపెడతారు.

వేసే చోటు కూడా చూడండి. చాప మీద, పరుపు మీద పాచిక దొర్లదు, పడినచోటే కూర్చుంటుంది, నాలుగు పలకలదైతే మరీను. అంచున్న స్టీలు పళ్ళెంలో పాత పంచె మడతపెట్టి వేస్తే దొర్లుతుంది, మోత ఉండదు, మంచం కిందకి పోదు. వాలిన పాచిక చెల్లుతుందా లేదా అన్నదానికి సులువైన కొలత: దాని మీద ఇంకో పాచిక పెట్టండి. నిలబడితే చెల్లు, జారితే మళ్ళీ వేయాలి. పళ్ళెం దాటితే ఎంత పడినా చెల్లదు.

పంటురేవు

బాగుందండి. మరి డీ20 ఒక్కటే ఉంది, ఇంకొన్ని ఆర్డరు పెట్టాలి. ఈలోపు లూడో పాచికలతో నడుస్తుందా?

గవ్వలసంచి

రెండు రంగుల ఆరు పలకలవి. ఎర్రదాని మీద 6 పడితే మళ్ళీ, తెల్లదాని మీద 5 గానీ 6 గానీ పడితే మళ్ళీ. ఎర్రలోంచి ఒకటి తీసి నాలుగుతో గుణించి తెల్ల కలపండి. ఎర్ర 3, తెల్ల 2 అయితే 2×4+2, పది. అన్నీ సమానమే గానీ దాదాపు సగంసార్లు మళ్ళీ వేయాలి, విసుగు.

దానికన్నా తంబోలా డబ్బా తీయండి. 1 నుంచి 20 దాకా కాయిన్లు సంచిలో వేసి తీయడమే. తీసినది తిరిగి సంచిలో వేయాలి, వేయకపోతే ఆట మారిపోతుంది. అప్పుడు ఇరవై తీతల్లో 20 ఒక్కసారే, 1 ఒక్కసారే. మూడు చెత్త తీతలు అయ్యాక అందరికీ తెలుసు, ఇక సంచిలో మంచివే ఎక్కువ ఉన్నాయని. కొందరికి అదే ఇష్టం, దురదృష్టం ఒక్కడి మీదే కూర్చోదని. వేసేదీ వేయనిదీ ముందు తేల్చుకోండి.

ఇక గవ్వలు. అష్టాచెమ్మా నాలుగు గవ్వలే వాడదాం, చుట్టాలకి చెప్పక్కర్లేదు. నోళ్ళు పైకి ఎన్ని పడితే అంత. నాలుగూ పైకైతే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. గవ్వ సమంగా పడుతుందనుకుంటే పదహారు పందేల్లో: అష్ట 1, ఒకటి 4, రెండు 6, మూడు 4, చెమ్మ 1.

ఒకటి పడితే పని చెడింది, 25 శాతం. రెండు పడితే పని అయింది గానీ ఏదో పోయింది, 37.5. మూడు, చెమ్మ, అష్ట పడితే శుభ్రంగా అయింది, కలిపి 37.5. చెమ్మకీ అష్టకీ ఇంకో పందెం, అదెలాగూ అలవాటే. రెండు ఆరు పలకల పాచికలు వేసి 10+ గెలుపు, 7 నుంచి 9 సగం గెలుపు, 6 దాకా చిక్కు అనే ఆటలున్నాయి కదా, 2010లో అపోకలిప్స్ వరల్డ్‌తో వచ్చిన వరస. అందులో +1 ఉన్నవాడికి 27.8, 44.4, 27.8. మన గవ్వలు దానికన్నా కాస్త దయగా ఉన్నాయి, కొత్తవాళ్ళకి అది మంచిదే.

నేర్పున్న పనికి ఐదు గవ్వలు వేసి, చూశాక తనకి నచ్చిన ఒకటి పక్కకి తీసేయాలి. రాని పనికి మూడు గవ్వలే.

ఇరవైపలకలు

ఆగండాగండి. ఐదులో నచ్చింది తీసేయొచ్చంటే ఓటమి అనేది ఉండదు. ఒక్కటే నోరు పైకి పడిందనుకోండి. ఆ ఒక్కటే తీసేస్తాడు, మిగిలిన నాలుగూ బోర్లా, అష్ట! చెడ్డ పందెం కాస్తా అన్నిటికన్నా గొప్పదైపోయింది. లెక్క వేస్తే అష్ట 18.75, చెమ్మ 18.75, మూడు 31.25, రెండు 31.25, ఒకటి సున్నా.

గవ్వలసంచి

అయ్యబాబోయ్, నిజమే. పొరపాటు నాదే. అయితే బోర్లా పడ్డదాన్నే తీయాలని పెడదాం, బోర్లాది లేకపోతేనే పైకున్నది. ముప్ఫైరెండు పందేల్లో అష్ట 1, ఒకటి 5, రెండు 10, మూడు 10, చెమ్మ 6. చెడేది 15.6 శాతం, సగం గెలుపు 31, గెలుపు 53. ఇది కుదిరింది.

మూడు గవ్వల పందేనికి కూడా ఒక జాగ్రత్త. మూడూ బోర్లా పడటం ఎనిమిదికి ఒకసారి, దాన్ని అష్ట అంటే రానివాడికి అదృష్టం రెట్టింపు అవుతుంది. అక్కడ బోర్లా పడితే చెడినట్టే లెక్కపెట్టండి: చెడేది 50, సగం 37.5, గెలుపు 12.5.

కొబ్బరిమట్ట

చెమ్మకి ఇంకో పందెం, మళ్ళీ చెమ్మ, మళ్ళీ... ఆపేదెప్పుడు? కొన్ని ఇళ్ళలో మూడు వరసగా పడితే మొత్తం మురిగిపోతుంది. ఆ రూలే ఉంచండి. పాచిక పెద్దంకె పడితే మళ్ళీ వేసి కలుపుకునే ఆటల్లో ఇలాంటి కట్టడి ఉండదు, అక్కడ వింతలు జరుగుతాయి. సావేజ్ వరల్డ్స్ పద్ధతిలో 6 కావాల్సినచోట ఆరు పలకలది వేస్తే 16.7 శాతం. నాలుగు పలకలదైతే నాలుగు పడి, మళ్ళీ వేసి రెండో ఆపైనో రావాలి, 18.75. చిన్న పాచికే నయం! ఇంకో పందెం అన్నది ఎప్పుడైనా చిన్న పాచికకే ఎక్కువ ఉపకారం. డీ4 సగటు 2.5 నుంచి 3.33కి పెరుగుతుంది, డీ12 సగటు 6.5 నుంచి 7.09కే. డీ అండ్ డీలో డ్యామేజీకి ఇది పెడదామని ఎవరో ఒకరు అడుగుతారు చూడండి, అడిగేది డీ4 బాకు పట్టుకున్నవాడే.

మూడోహెచ్చరిక (ధవళేశ్వరం)

వరద నాకు వదిలేయండి. కథలో గడియారంలాగా నీటిమట్టమే నడవాలి, అంకెలు కనిపెట్టక్కర్లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రవాహం లెక్కలో పది, పదమూడు, పదిహేడు లక్షల క్యూసెక్కులు. చుట్టాలకి ఈ అంకెలు టీవీలో విని నోటికొచ్చు.

ఆట 9.75 అడుగుల దగ్గర మొదలు. పది నిమిషాలకోసారి ఒక ఆరు పలకల పాచిక: 1, 2 పడితే మట్టం నిలకడ. 3, 4, 5 పడితే అర అడుగు. 6 పడితే అడుగు. సగటున పందేనికి 0.42 అడుగులు. మొదటి హెచ్చరికకి ఐదు పందేలు, రెండోదానికి ఇంకో ఐదు, మూడోదానికి ఇంకో పది దాకా. మూడు గంటల్లో పద్దెనిమిది పందేలు పడతాయి కాబట్టి మూడో హెచ్చరిక వస్తుందా రాదా అన్నది చివరి అరగంటలో తేలుతుంది. అదే కావాలి. 6కి ఇంకో పందెం మాత్రం పెట్టకండి, సగటు అర అడుగుకి పెరిగి, పదహారో పందేనికే అంతా మునుగుతుంది.

ఇది కాక అసలు కిటుకు. పాచిక అప్పటికప్పుడు వేయకండి. మూడు పాచికలు ముందే వేసి బల్ల మీద వరసలో పెట్టండి, అందరికీ కనపడేలా. ఎడమ చివరిది ఇప్పుడు ధవళేశ్వరంలో జరిగేది. కుడి చివరిది ఎగువన భద్రాచలం కబురు. ప్రతి పది నిమిషాలకీ ఎడమది తీసి మట్టం మార్చి, మిగతావి ఒక్కో స్థానం ఎడమకి జరిపి, కుడివైపు కొత్తది వేయాలి. పైన రెండు ఆర్లు కనపడుతుంటే లంకలోవాళ్ళు గేదెల్ని విప్పాలా, ముసలాళ్ళని ముందు దాటించాలా అని తన్నుకుంటారు. పాచిక భయపెట్టేది పడ్డాక కాదు, వస్తోందని తెలిసినప్పుడు.

హెచ్చరికలకి ఆటలో ఏం జరగాలంటే: మొదటిదానికి రేవు దాటించే పంటు (పెద్ద పడవ) ఆగిపోవాలి, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవు లాంటిచోట్ల నాటుపడవే గతి, పడవ నడపడం తెలియనివాడికి మూడు గవ్వలు. రెండోదానికి కాజ్‌వేలు మునిగి ఊరికీ ఊరికీ మధ్య కూడా పడవే. మూడోదానికి ఇక వస్తువులు కాపాడే పందేలు లేవు, మనుషుల కోసమే వేయాలి. "అయింది గానీ ఏదో పోయింది" అన్నప్పుడు పోయేవి ముందే చీటీల మీద రాసి ఉంచండి: తెడ్డు, టార్చి, బియ్యం మూట, దూడ, ఫోన్ చార్జింగు. అప్పటికప్పుడు ఆలోచిస్తే డీఎం ప్రతిసారీ తెడ్డే పోగొడతాడు.

ఇరవైపలకలు

వరస పాచికలు అదిరిపోయాయి. మట్టం రాయడానికి టేపు బదులు కొబ్బరి ఈనెకి గీతలు పెట్టి బల్ల అంచున గుచ్చండి, అంగుళానికి అడుగు లెక్కన. మూడు చోట్ల రంగు దారం.

పంటురేవు

అన్నీ రాసుకున్నానండి. గవ్వలు ఈ పూటే పరీక్షించాను. నాలుగు గవ్వలు, యాభై పందేలు, రెండొందలకి నోరు పైకి పడ్డవి 83. ఇది మామూలు తేడాయేనా?

లెక్కతేలాలి

కాదండి. వంద రావాల్సినచోట ఏడెనిమిది అటూ ఇటూ అయితే మామూలు. పదిహేడు తగ్గిందంటే గవ్వలు బోర్లా పడటానికే మొగ్గుతున్నాయి. ఒక్కో గవ్వకి నోరు పైకి 41.5 శాతం అనుకుంటే చెమ్మ 3 శాతం, అష్ట 11.7. అష్ట నాలుగు రెట్లు ఎక్కువ. ఇంకో పందెం చెమ్మకి మాత్రమే ఇవ్వండి, అష్టని మామూలు గెలుపు చేయండి, సరిపోతుంది.

గవ్వలసంచి

లేదా రెండు గవ్వలు తీసేసి చింతపిక్కలు పెట్టండి. ఒక వైపు గచ్చు మీద తడిపి తెలుపు కనపడేదాకా అరగదీయాలి. మరీ సగానికి అరగదీస్తే బిళ్ళలాగా పల్చబడి దొర్లడం మానేస్తుంది, తెలుపు తేలగానే ఆపేయండి. ముందు మాత్రం నాలుగు గవ్వలకీ వేరే వేరే రంగు చుక్కలు పెట్టి, మళ్ళీ యాభై పందేలు వేసి విడివిడిగా లెక్కపెట్టండి. నాలుగూ కాస్త కాస్త మొగ్గుతున్నాయో, ఒక్క పెద్ద గవ్వే నోరు తెరవట్లేదో తేలిపోద్ది.